ఒకే వంటింట్లో ఇద్దరం, కాలింది నేను

ఆ ఆదివారం ఉదయం నాకు జలుబు. ముక్కు పూర్తిగా పట్టేసింది. చర్చికి వెళ్ళేలోపు కూర అయిపోవాలని వంటింట్లో నేల మీద కూర్చుని, కత్తిపీట ముందు వేసుకుని బీరకాయలు తరుగుతున్నాను. తల దిమ్ముగా ఉంది, కళ్ళు తిరుగుతున్నట్టుగా ఉంది. జ్వరం వస్తోందేమో అనుకున్నాను.

మాది బోధన్. మా ఆయన దానియేలు, ఆయన తమ్ముడు ఇద్దరూ చెరకు ట్రాక్టర్లు నడుపుతారు. తమ్ముడి భార్య మంజుల నా తోడికోడలు, మా వైపు యారాలు అంటాం. అందరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటిల్లు. ఆ ఉదయం మంజుల వంటింటి గడప దగ్గరికి వచ్చి ఆగింది.

"అక్కా, గ్యాస్ వాసనొస్తున్నది. నీకొస్తలేదా?" అంది.

నేను లేచేలోపే గోడవారగా నడిచి వెనక తలుపు గడియ తీసి, రెక్కలు బయటికి తోసింది. అప్పుడే మూలనున్న ఫ్రిజ్ ఎప్పటిలాగే టక్కుమని మొదలైంది. నాకు ముందు వెలుగు కనిపించింది. నీలంగా, నేల మీద నీళ్ళు పారినట్టు నా వైపు వచ్చింది. ఆ తర్వాత చప్పుడు. మంజుల పెరట్లోకి పడిపోయింది. నేను లోపలే ఉండిపోయాను.

తర్వాత గుర్తున్నది పక్కింటావిడ చేతులు. ఆమె పుట్టిల్లు పసుపు పండే వేల్పూర్, ఇంట్లో ఎప్పుడూ కొత్త పసుపు ఉంటుంది. మంచి మనసుతోనే నా ముఖానికి, చేతులకు పసుపు మెత్తింది. నిజామాబాద్ ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ పసుపును వేలితో తాకి చూసింది. "దీని కింద ఎంత లోతు కాలిందో కనిపించడం లేదమ్మా. మొత్తం కడగాలి. నొప్పి ఉంటుంది" అంది. ఆ కడగడం గురించి ఇక్కడ రాయను. అది పూర్తయ్యాక చెప్పింది: "ముఖం సెకండ్ డిగ్రీ, మానుతుంది. చేతులు, కాళ్ళు డీప్ బర్న్స్. స్కిన్ గ్రాఫ్ట్ వేయాలి. ఊపిరితిత్తుల్లోకి పోలేదు, అది నీ అదృష్టం."

మర్నాడు మంజుల జావ పట్టుకుని వచ్చింది. మోచేతి దగ్గర గీరుకుపోయింది, ఒక కనుబొమ్మ కొసన వెంట్రుకలు కాలాయి. అంతే. మా ఇద్దరి మధ్యా ఆ రోజు ఒక మంచం పట్టేంత దూరం కూడా లేదు. నేను ఆమె ముఖం చూడలేదు, చేతులు చూశాను. గ్లాసు మూత తీస్తుంటే గాజులు కదిలాయి. నా చేతులు కట్లలో ఉన్నాయి. ఆ గాజుల చప్పుడు వింటే కాలిన చోటు కాదు, ఇంకెక్కడో మండింది.

అంతకు ముందు రోజు కొత్త సిలిండర్ బిగించింది మంజులేనని మా ఆయన మాటల మధ్యలో అన్నాడు. ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను. తలుపు తెరిచి గాలి ఇవ్వడం వల్లే అంటుకుందని మా వాడకట్టులో చుట్టుపక్కల వాళ్ళు అనుకుంటున్నారట. అది కూడా పట్టుకున్నాను.

కొన్నాళ్ళకు ఫైర్ ఆఫీసర్ వార్డుకే వచ్చాడు. నేను ఎక్కడ కూర్చున్నానో, ముందు వెలుగు చూశానో చప్పుడు విన్నానో, మంట ఏ వైపు నుంచి వచ్చిందో, ఏ బట్టలు కట్టుకున్నానో అడిగాడు. అన్నీ చెప్పాను. చివర్లో, అతను అడగకుండానే అన్నాను.

"సార్, సిలిండర్ పెట్టింది మా యారాలు. ఆమెకు మాత్రం ఏం గాలే."

అతను కోప్పడలేదు. "అమ్మా, నేనింకా ఏం అనుకోలే. ముందుగాల్నే ఒకటి అనుకుంటే నాకు గదే కనబడతది. మీరేం చూసిన్రో చెప్పుండ్రి. ఎందుకైందో నాకిడిచిపెట్టుండ్రి" అన్నాడు.

గ్రాఫ్ట్ కోసం తొడ మీది చర్మం తీశారు. కాలిన చోటు కంటే చర్మం తీసిన ఆ డోనర్ సైటే ఎక్కువ బాధపెట్టింది. ఎడమ చేతికీ కాళ్ళకీ వేసిన చర్మం అతుక్కుంది. కుడి చేతికి ఇన్ఫెక్షన్ వచ్చింది, వేసిన చర్మంలో సగం ఊడిపోయింది. మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళారు.

ఆ మధ్యలోనే నా కూతురు కీర్తనను చూపించడానికి తెచ్చారు. అప్పటికి దాన్ని బడికి పంపడం, అన్నం పెట్టడం అంతా మంజులే. పిల్ల నా ముఖం చూసి వెనక్కి తిరిగి, చిన్నమ్మ చీరలో తల దాచుకుంది. మంజుల దాన్ని ముందుకు తోయబోయింది. అది రాలేదు. అలాగే ఆమె ఒళ్ళో నిద్రపోయింది. నర్సు వచ్చి పెయిన్ ఎంత ఉందని అడిగింది. నేను చెప్పిన దానికి ఇంజెక్షన్ ఇచ్చింది. అది పనిచేయలేదు.

ఇంటికి వచ్చేసరికి వంటింటికి తాళం ఉంది. ఆఫీసర్ చూడడం పూర్తయ్యేదాకా ఏదీ కదపొద్దన్నాడట, వంట వరండాలో చేస్తున్నారు. నేను వచ్చానని తెలిసి అతను వచ్చాడు. నన్ను కూర్చున్న చోటు చూపించమన్నాడు. తర్వాత అందరినీ గుమ్మం దగ్గర నిలబెట్టి, తక్కువ కాలిన చోటు నుంచి ఎక్కువ కాలిన చోటుకు వేలితో చూపిస్తూ చెప్పాడు.

గోడ మీది క్యాలెండర్‌కు ఏమీ కాలేదు. కింద ఉల్లిగడ్డల ప్లాస్టిక్ బుట్ట ముద్దయింది. కిటికీ రెక్కలు ముక్కలు కాకుండా పెరట్లో పడ్డాయి, గోడలు పగల్లేదు. అంటే సిలిండర్ పేలలేదు, గదిలో చేరిన గ్యాస్ ఒక్కసారిగా అంటుకుని తోసింది. సిలిండర్ లోపలి వాషర్ బాగుంది, రెగ్యులేటర్ సరిగ్గా కూర్చుంది. పొయ్యి మీటలు మూసే ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసేస్తే మిగిలింది రబ్బరు గొట్టం. బయట ఉన్న ముక్క కాలిపోయింది. పొయ్యి గట్టు రంధ్రంలో ఉన్న ముక్క కాలలేదు. దాని మీద ఎలుక పళ్ళ గాట్లు ఉన్నాయి. నిప్పు ఇచ్చింది ఫ్రిజ్, టక్కుమని మొదలైనప్పుడు లోపల వచ్చే నిప్పురవ్వ.

మంజులకు ఎందుకు కాలలేదని మా ఆయనే అడిగాడు.

"గ్యాస్ గాలికన్నా బరువు. నీళ్ళ లెక్క కిందికి దిగి నేల మీద నిండుతది. ఈ అమ్మ కింద కూసున్నది, ఆ అమ్మ తలుపుకాడ నిలవడ్డది. తలుపు తియ్యకపోతే ఇంకింత నిండుతుండె. అప్పుడు గీ గోడలు గూడ ఉండకపోతుండె."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం చేతిలోది ఎవరో లాక్కున్నట్టనిపించింది. ఇన్నాళ్ళూ కోపానికి ఒక మనిషి ఉంది. ఎలుక మీద ఎంతసేపని కోపం పెట్టుకుంటాం?

ఆ మధ్యాహ్నం మంజుల పెరట్లో గిన్నెలు తోముతూ ఏడుస్తోంది. నాకు జాలి కలగలేదు. "నీకేం బాధ? చేతులు మంచిగనే ఉన్నయి గద" అన్నాను.

ఆమె చేతులు కడుక్కుని, నా వైపు తిరిగింది.

"అక్కా, నిన్ను అందరు యాడ కాలిందని అడుగుతరు. నన్ను ఎందుకు కాలలేదని అడుగుతరు. చర్చిల గూడ అడిగిండ్రు. మా అమ్మ గూడ అడిగింది. ఇయ్యాల సారు చెప్పెదాక నాకు గూడ తెల్వకపాయె."

అన్ని రోజులూ ఆమె ఒంటి మీద ఏమీ లేదనే చూశాను. ఆసుపత్రిలో నా మంచం చుట్టూ చేరిన మనుషుల్లో ఒక్కరు కూడా ఆమె పక్కన నిలబడలేదని అప్పుడే తట్టింది.

అప్పటికే నా కుడి చేతి వేళ్ళు మడతపడకుండా బిగుసుకుపోతున్నాయి. దాన్ని కాంట్రాక్చర్ అంటారు. ఫిజియోథెరపీ వాళ్ళు ఇంట్లో రోజూ వేళ్ళు వంచి పిడికిలి పట్టించమన్నారు. మా ఆయన నా అరుపులకు చేయి వదిలేసి బయటికి వెళ్ళిపోయేవాడు. మంజుల మాత్రం ముఖం పక్కకు తిప్పుకుని వంచేది. మెత్తని ఆమె వేళ్ళు నా వేళ్ళ మీద పడితే నాకు ఒళ్ళు మండేది. తిట్టేదాన్ని. ఆమె వినేది, వదిలేది కాదు. గ్లాసు పట్టుకోగలిగాను. తర్వాత గుండీ పెట్టుకోగలిగాను. మొన్నామధ్య కీర్తన దువ్వెన తెచ్చి నా ముందు కూర్చుంది. జడ వేశాను. అద్దంలో చూసుకుని, ఏమీ అనకుండా లేచి, చిన్నమ్మ దగ్గర విప్పించి మళ్ళీ వేయించుకుంది. గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాను. సాయంత్రం మామూలుగానే అందరం కలిసి అన్నం తిన్నాం.

ఇప్పుడు చేతులకు మచ్చలు ఉబ్బకుండా బిగుతుగా పట్టి ఉంచే ప్రెషర్ గార్మెంట్ వేసుకుంటున్నాను. ముఖం మీద రంగు తేడా ఉంది, బజారులో చూసేవాళ్ళు చూస్తారు. వంట మళ్ళీ నేనే చేస్తున్నాను. మంజుల మీద అసూయ పోయిందని చెప్తే అబద్ధం. దాంతోనే ఆమె పక్కన నిలబడి రొట్టెలు చేస్తున్నాను.

కాలి బతికిన వాళ్ళకు, వాళ్ళను చూసుకునే వాళ్ళకు ఒక్కటి చెప్తాను. గాయం మానింది కదా అని వేళ్ళ వ్యాయామం ఆపకండి. చర్మం బిగుసుకుపోవడం గాయం మానాకే ఎక్కువవుతుంది. మీరు అరిచినా చేయి వదలని మనిషిని ఇంట్లో ఒకరిని చూసుకోండి. ఆ మనిషి మీకు ఇష్టమైనవాళ్ళే కానక్కరలేదు.