గోనెపట్ట కింద మోదుగాకు

ఆ రోజు తెల్లవారుజాము నుంచే ముసురు. హైటెక్ సిటీలో నేను పనిచేసే ఆఫీసు క్యాంటీన్ మెట్ల మీద బురద అడుగులు పడుతూనే ఉన్నాయి, నేను తుడుస్తూనే ఉన్నాను. తెలంగాణ కోసం సమ్మె మొదలై మూడో వారం. బస్సులు లేవు. చందానగర్‌లోని కిరాయి గది నుంచి సగం దూరం ఆటోలో, సగం నడిచి వచ్చాను. పది గంటలప్పుడు ఊరి నుంచి ఫోను వచ్చింది. మా చిన్నమ్మ కోడలు.

"బావా, అత్త పోయింది. ఆకులకు నీళ్లు చల్లుకుంట కూసున్నది, గట్లనే ఒరిగింది."

ఆమె ఏడవలేదు. నువ్వు వచ్చేదాకా ఆపాలా అని మాత్రం అడిగింది. ఆపమన్నాను. కూరగాయలు దించి తిరిగిపోతున్న లారీలో సంగారెడ్డి దాకా, అక్కడి నుంచి రెండు జీపులు మారి ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. వానకు కట్టెలు తడుస్తాయని, కోకాపేట నుంచి ఆమె కొడుకు రాగానే పెద్దమనుషులు తొందరపడ్డారట. వాళ్లను తప్పుపట్టలేను.

మా చిన్నమ్మ మోదుగాకు విస్తర్లు కుట్టేది. నారాయణఖేడ్ వైపు మా ఊరి చుట్టూ ఉన్న గుట్టల మీద మోదుగ చెట్లు ఎక్కువ. ఎండాకాలం చివర ఆకు ముదిరాక కోడలిని, ఇంకో ముగ్గురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని పోయేది. కొసకొమ్మల మీద ఎవరినీ చెయ్యి వేయనిచ్చేది కాదు. "కొసాకు చెట్టుది. మనకు కిందియి చాలు" అనేది. తెచ్చిన ఆకును దండలు గుచ్చి నీడలో ఆరబెట్టి, బండ కింద అణిచి, చీపురు పుల్లలతో కుట్టేవాళ్లు. కట్ట కట్టాక చిన్నమ్మ మధ్యలో నుంచి ఒక విస్తరి లాగి, నీళ్లు పోసి, పైకెత్తి అడుగు చూసేది. చుక్క కారితే కట్టంతా విప్పించేది. కుట్టినవాళ్లు సణిగేవాళ్లు. "పైది ఎవరన్న మంచిగనే కుడుతరు. నడుమది చూడాలె" అనేది.

అంత పట్టుదల ఎందుకో నాకు తెలుసు. కొడుకు బడికి పోయే వయసులో ఆమె, మా బాబాయి మాదాపూర్ వచ్చి ఆరేళ్లు కూలి చేశారు. ఇప్పుడు అద్దాలు మెరుస్తున్న ఆ మేడల్లో కొన్నింటికి ఆమె తట్ట మోసింది. బాబాయి అక్కడే పరంజా మీద నుంచి పడి పోయాడు. కొడుకును వెంటబెట్టుకుని ఊరికి తిరిగి వచ్చింది. ఆ కొడుకు కూడా పెద్దయ్యాక కోకాపేట మేడల పనికే వెళ్లాడు. అతన్ని ఆపలేకపోయింది. కోడలి విషయంలో మాత్రం ఒకటే మాట. "నేను మోసింది చాలు. నా కోడలు తట్ట మొయ్యద్దు."

ఆ మాట నిలిచే దారి ఒకటి నా వల్లే దొరికింది, నా వల్లే పోయింది. ఇది రాయడానికి కారణం అదే.

మా క్యాంటీన్ మేనేజరు గోదావరి వైపు మనిషి. కంపెనీ వాళ్లు పర్యావరణం గురించి ఏదో చేయమన్నారని, వారానికి ఒక రోజు ఆకుల్లో భోజనం పెడదామనుకుంటున్నానని ఆయన అంటే, నేను చిన్నమ్మను తీసుకొచ్చాను. ఆయన విస్తరిని అటూ ఇటూ తిప్పి చూసి, "మా వైపు అడ్డాకులండి. చిన్నప్పుడు వాటిలోనే తినేవాళ్లం. ఇవి ఎన్నాళ్లుంటాయమ్మా?" అని అడిగారు.

"ఎండినయి ఏడాదైనా ఉంటయి సారు. పెట్టేటందుకు ముందటి దినం నీళ్లు చల్లి, తడి గోనెపట్ట కప్పాలె. లేకుంటే విరుగుతయి."

ఆ మాట నా వైపు తిరిగి ఇంకోసారి చెప్పింది. ఆయన ఆ రోజు అదే విస్తరిలో పప్పన్నం తిన్నారు. ఎవరో వచ్చి ఆమె చేతులను, కుడుతున్న ఆకును ఫోటో తీసుకున్నారు. దాన్ని గోడంత బోర్డు చేసి, 'పచ్చని రేపటి కోసం' అని రాసి, క్యాంటీన్‌లో పెట్టారు.

ఆరు నెలలు బాగా నడిచింది. గురువారం సాయంత్రం నేను వెనక పంపు దగ్గర నీళ్లు చల్లి, గోనెపట్ట కప్పేవాడిని. నలుగురు ఆడవాళ్లకు చేతినిండా పని. ఊళ్లో ఇంకొందరు మేమూ కుడతామని వచ్చారు. ఆ తర్వాత ఏసీ పెట్టి, తెల్ల బండలు పరిచి క్యాంటీన్‌కు కొత్త స్టోరు కట్టారు. మా సూపర్‌వైజరు తడి గోనెలు లోపలికి తేవద్దన్నాడు. బయట పెట్టుకుంటానని నేను అడగలేదు. మేనేజరుకు చెప్పలేదు. ఒక్కసారికి ఏం కాదులే అనుకుని, నీళ్లు చల్లకుండా కట్టలను అలాగే లోపల పెట్టాను. మరునాడు పై ఆఫీసు నుంచి అతిథులు వచ్చారు. అన్నం పెట్టగానే ఆకులు పటపట విరిగాయి. పప్పు బల్ల మీదకు, బల్ల మీద నుంచి బట్టల మీదకు కారింది.

మేనేజరు నన్ను పక్కకు పిలిచి ఎందుకిలా అయిందని అడిగారు. ఉద్యోగం గుర్తొచ్చింది. ఈసారి ఆకు బాగా రాలేదు సార్ అన్నాను. తర్వాతి వారం నుంచి తెల్ల థర్మాకోల్ పళ్లేలు వచ్చాయి. బోర్డు మాత్రం తీయలేదు. దాని కిందే ఆ పళ్లేలు పేర్చేవాళ్లం.

చిన్నమ్మకు ఇంకో అబద్ధం చెప్పాను. బంద్‌ల వల్ల ఆర్డరు ఆగిందని, తెలంగాణ వస్తే మళ్లీ తీసుకుంటారని. ఆమె నమ్మి ఆ ఎండాకాలం కూడా ఆకు కోయించింది. తెలంగాణ కోసం జాతీయ రహదారి మీద బైఠాయించి వంటా వార్పు చేసినప్పుడు మా మండలం వాళ్లు విస్తర్లు అడిగితే కట్టలకు కట్టలు ఊరికే ఇచ్చింది. మీలో కొందరు ఆ రోడ్డు మీద కూర్చుని తినే ఉంటారు. అవి ఆమె కుట్టినవే. నా అబద్ధం ఊళ్లో నోళ్లు మారి, ఆంధ్ర మేనేజరు కక్షతో ఆపాడు అన్నదాకా వచ్చింది. నేను కాదనలేదు. ఆమె ఒక్కతే కాదన్నది. "గాయన నా ఇస్తారాకుల తిన్నడు. గట్ల చెయ్యడు" అన్నదట.

మొన్న బోనాలకు వెళ్లినప్పుడు, తిరిగి వచ్చే ముందు నా సంచిలో మడత పెట్టిన గోనెపట్ట ఒకటి పెట్టింది. ఉతికి ఆరేసినది. ఏంది చిన్నమ్మా ఇది అన్నాను.

"ఉంచుకో కొడుకా. ఆడ నీకు దొరుకదేమో."

దాన్ని సంచి అడుగుకు తోశాను. బస్సు వచ్చింది, ఎక్కాను.

పదకొండో రోజు దినం చేశారు. చూరు కింద ఆమె కట్టిపెట్టిన కట్టలన్నీ దించారు. ముందు రోజే కోడలు నీళ్లు చల్లి గోనెలు కప్పింది. ఊరంతా తిన్నది. ఒక్క ఆకు విరగలేదు. బంతిలో ఒక పెద్దాయన, ఆ ఆంధ్రోడు కడుపు మీద కొట్టకపోతే ఈమె ఇంకా బతికేదని అన్నాడు. తల ఎత్తకుండానే చెప్పాను.

"గాయన తప్పేం లేదు. నేనే నీళ్లు చల్లలే. గోనెపట్ట కప్పలే."

వడ్డిస్తున్న కోడలు గిన్నె పట్టుకుని నా ముందే నిలబడింది.

"గిది అప్పుడే చెప్తే, వారానికొక్క దినం నేనే వచ్చి కప్పిపోతుంటి గద బావా."

నా విస్తరిలో పప్పు వేసి ముందుకు వెళ్లింది.

ఆఫీసుకు తిరిగి రాగానే మేనేజరుకు కూడా జరిగింది చెప్పాను. ఆయన బోర్డు వైపు చూశారు. "అప్పుడే చెప్పాల్సిందయ్యా. పళ్లేల కాంట్రాక్టు ఇంకో ఏడాది ఉంది. నా చేతిలో లేదు" అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆ బోర్డు ఇంకా అక్కడే ఉంది. పుల్ల గుచ్చుతున్న ఆ చేతులు ఎవరివని ఎవరూ అడగరు. రోజూ దాని దుమ్ము తుడిచేది నేనే.

సమ్మె ఆగి బస్సులు కదిలిన మొదటి సోమవారం, పొద్దున ఐదున్నర బస్సుకు మా చిన్నమ్మ కోడలు, ఆమెతో కుట్టే ముగ్గురు ఆడవాళ్లు కోకాపేట మేడల పనికి బయలుదేరారు.