స్పీకర్ జాలీలో కుంకుమ

2006 ఆగస్టులో నన్ను హైదరాబాద్ నుంచి నిజామాబాద్ సర్వీస్ సెంటర్‌కు వేశారు. హోదా సీనియర్ ఫీల్డ్ ఇంజనీర్. పేరు గొప్పదే కానీ నా కింద పనిచేసేవాళ్ళు ఎవరూ లేరు. నా పైన మాత్రం కోఆర్డినేటర్, ఆయన పైన జోనల్ మేనేజర్, ఆయన పైన ఇంకెవరెవరో ఉండేవాళ్ళు. ఒక ల్యాప్‌టాప్ కంపెనీ తరఫున జిల్లా అంతా తిరిగి వారంటీ రిపేర్లు చేయడం నా పని. కార్లూ జీపులూ ఏమీ ఇవ్వలేదు. టూల్ బ్యాగు భుజానికి తగిలించుకుని బస్సెక్కేవాణ్ణి.

కంపెనీ మాకు వచ్చే ఫిర్యాదులను వర్గాలుగా విడగొట్టింది. మిషన్ ఆన్ కాకపోయినా, స్క్రీన్ మీద బొమ్మ రాకపోయినా అది మొదటి వర్గం. వెంటనే వెళ్ళాలి, పార్ట్ కొరియర్‌లో వచ్చేస్తుంది. కీబోర్డు, టచ్‌ప్యాడ్ వంటివి రెండో వర్గం. స్పీకర్ల గోల అన్నిటికంటే చివర. సౌండ్ అసలే రాకపోతే ఆలోచిస్తారు. గరగరమంటోందని చెబితే, వస్తోంది కదా, ఇంకేం కావాలంటారు. ఈ వర్గాలు నిర్ణయించిన పెద్దమనుషులు పాటలు వినడానికి తప్ప ల్యాప్‌టాప్ స్పీకర్‌తో ఎవరికీ పని ఉండదనుకున్నారు.

చెరుకు సీజన్ మొదలయ్యాక బోధన్ దారిలోని ఒక ప్రైవేటు చక్కెర మిల్లు నుంచి ఫిర్యాదు వచ్చింది. స్పీకర్ గరగర. చివరి వర్గమే కాబట్టి ఫోన్లోనే రెండు ముక్కలు చెప్పి ముగించమని కోఆర్డినేటర్ అన్నాడు. ఎలాగూ అటువైపు మరో పని ఉంది, పోయి చూద్దామని వెళ్ళాను. ఎడపల్లి దాటగానే దారి పొడవునా చెరుకు ట్రాక్టర్లు. మిల్లు పొగగొట్టం నుంచి రాలే నల్లటి నుసి బస్సు కిటికీల మీద, మనుషుల చొక్కాల మీద పడుతూనే ఉంది.

ఆ ల్యాప్‌టాప్ మిల్లు చెరుకు విభాగంలో ఎంక్వైరీ కిటికీ దగ్గర ఉంది. కరెంటు పోయినా పని ఆగకూడదని అక్కడ కంప్యూటర్‌కు బదులు ల్యాప్‌టాప్ పెట్టారు. రైతు తన చెరుకు నరకాలంటే మిల్లు ఇచ్చే కటింగ్ పర్మిట్ కావాలి. పర్మిట్ ఏ తేదీకి వచ్చిందో తెలిస్తేనే కూలీలను, బండిని మాట్లాడుకుంటాడు. ఆ తేదీ చెప్పే కిటికీ అది. దాని వెనక కూర్చున్న ఆపరేటర్ పేరు కరుణ. ఎడపల్లి అమ్మాయి, మెథడిస్ట్ క్రైస్తవ కుటుంబం. పుట్టుకతోనే చూపు లేదు.

ఆమె మిషన్‌లో స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. స్క్రీన్ మీద ఉన్నదంతా అది ఇంగ్లీషులో పైకి చదువుతుంది. రైతు తన కోడ్ నంబర్ చెబితే కరుణ టైపు చేస్తుంది, మిషన్ తేదీ చదువుతుంది, ఆమె తెలుగులో రైతుకు చెబుతుంది. హైదరాబాద్‌లో ఆ పని నేర్చుకొని వచ్చింది. సీజన్ అయ్యేదాకా ప్రొబేషన్. బాగా చేస్తే పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ ఇంటికి నెల జీతం తెచ్చే మనిషి ఆమె ఒక్కతే.

“దసర పోయినప్పటి సంది గిట్లనే గరగర అంటుంది సార్,” అంది. “మాట ఇనవడ్తది గని నంబర్లు అస్సలు పట్టుకునేటట్టు లేవు. రైతు కిడికీ కాడ నిలవడితే నేను మల్ల మల్ల ఇన్కుంట కూసుంటున్న. ఎనకాల లైన్ పెరుగుతుంది. నాకు పనే రాదని అనుకుంటున్రు.”

అప్పుడు నాకు సంగతి అర్థమైంది. మనకు స్క్రీన్ పగిలిపోతే ఎలా ఉంటుందో ఆమెకు ఇప్పుడు అలా ఉంది. మా కంపెనీ లెక్కలో మాత్రం ఇది చివరి వర్గం.

ఇటువంటి ఫిర్యాదుకు ఒక పద్ధతి ఉంటుంది. ముందు వాల్యూమ్ సగానికి తగ్గించి వినాలి. తగ్గిస్తే గరగర పోతే, ఎక్కువ పెట్టడమే తప్పు. పోలేదు. తర్వాత సౌండ్ డ్రైవర్ తీసేసి మళ్ళీ వేయాలి, ఈక్వలైజర్ లాంటి హంగులన్నీ ఆపేయాలి. అవీ చేశాను, తేడా లేదు. ఆ తర్వాత ఇయర్‌ఫోన్ పెట్టి వినాలి. అందులో మాట కడిగినట్టు వినిపించింది. అంటే సాఫ్ట్‌వేర్ మంచిదే, బోర్డు మంచిదే, రోగం స్పీకర్లోనే ఉంది. చివరగా సన్నటి శబ్దం నుంచి బొంగురు శబ్దం దాకా టెస్ట్ టోన్ వేసి, బ్యాలెన్స్ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిప్పి విన్నాను. రెండూ పాడైనవే. కుడిది మరీ అధ్వాన్నం.

స్క్రూలు విప్పి పై మూత తీశాను. స్పీకర్ ముందుండే జాలీ లోపలివైపు ఎర్రగా గడ్డకట్టి ఉంది. దాని వెనక కోన్, అంటే శబ్దంతో పాటు కదిలే పల్చటి పొర, అంచు దగ్గర అతుక్కుపోయి చిరిగింది. వేలితో తాకి వాసన చూశాను. కుంకుమ, పసుపు, వాటి మీద మిల్లు నుసి.

తల ఎత్తి చుట్టూ చూశాను. ఆఫీసులో ప్రింటర్‌కు బొట్టు. తూకం మిషన్‌కు బొట్టు. ఆఖరికి టేబుల్ మీది కాలిక్యులేటర్‌కు కూడా బొట్టే. దసరాకు పనిముట్లకు పూజ చేసే ఆచారం మనకు ఉన్నదే, నవ్వొచ్చింది. అటెండర్ గంగారాం టీ గ్లాసు పట్టుకొని వస్తే అడిగాను. ఆయనేమీ దాచలేదు.

“దసర నాడు సూపర్డెంట్ సార్ దగ్గరుండి అన్నిటికి పెట్టిచ్చిండు. ఈ బిడ్డ మిషన్‌కు పెట్టకుంటే నన్ను ఇడిసిపెట్టిన్రని మనసుల పెట్టుకుంటదేమో అని, దానికి జర ఎక్కువనే పెట్టిన. కొబ్బరి నీళ్ళు గూడ సల్లిన సార్,” అన్నాడు.

మంచి మనసుతో చేసిన పనే. కొబ్బరి నీళ్ళు కుంకుమను జాలీలోంచి లోపలికి తీసుకెళ్ళాయి, ఎండాక గట్టిపడింది, గట్టిపడ్డ పొర కదిలి కదిలి చిరిగింది. తుడిస్తే బాగుపడే దశ దాటిపోయింది. కొత్త స్పీకర్లు వేయాల్సిందే.

హైదరాబాద్‌లో మా ఆఫీసుకు ఫోన్ చేశాను. పాడైన పాత పార్ట్‌ను వాళ్ళకు తిరిగి పంపాలి, ఆ ఎరుపు దాచినా దాగదు. బయటి పదార్థం లోపలికి పోతే వారంటీ చెల్లదు. ఇది కస్టమర్ చేసిన నష్టం కిందికి వస్తుంది. కస్టమర్ కారణం రాసి ఖర్చుకు ఒప్పుకుంటేనే పార్ట్ పంపుతారు. ఆపరేటర్‌కు చూపు లేదు, ఆమెకు స్పీకరే స్క్రీన్, కాబట్టి మొదటి వర్గంలో వేయండని కోఆర్డినేటర్‌ను బతిమాలాను. డిస్‌ప్లే పనిచేస్తోందా అని అడిగాడు. చేస్తోందన్నాను. మరి నీ బాధేంటన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఫోన్ పెట్టేశాను.

చెరుకు విభాగం సూపరింటెండెంట్ సుధాకర్ రావు మధ్యాహ్నం వచ్చాడు. మర్యాద తెలిసిన మనిషే, నాకు కుర్చీ వేయించాడు. విషయం చెప్పగానే ముఖం మారింది. అంతకు ముందు ఏడాది ఇలాగే పూజ నీళ్ళు పోసి ప్రింటర్ ఒకటి పాడుచేశారట. మిషన్ల మీద బొట్లు, నీళ్ళు వద్దని హెడ్డాఫీసు గట్టిగా ఆదేశం పంపిందట. ఇప్పుడు కారణం కుంకుమ అని రాస్తే ఆ తప్పు ఆయన మెడకే చుట్టుకుంటుంది.

“మా ఆఫీసుల మిషన్ల మీద నీళ్ళు చల్లేటోడు ఎవ్వడు లేడు,” అన్నాడు. “ఆ అమ్మాయే టిఫిన్ డబ్బా మిషన్ పక్కన పెట్టుకొని తింటది. అదే పడి ఉంటది.”

ఇది కూర కాదు, కుంకుమ అని చెప్పాను. జాలీ తీసి చూపించాను. ఆయన దానివైపు చూడనైనా లేదు. “ఆమె క్రిస్టియన్ కదయ్యా. ఆమె మిషన్‌కు మేమెందుకు బొట్టు పెడతం?” అన్నాడు.

కిటికీ దగ్గర నుంచి కరుణ మాట్లాడింది. “సార్, పూజ నాడు నేను గీ కుర్చీలనే ఉన్న. ఊదుబత్తుల వాసన వచ్చింది. నీళ్ళు నా చేతి మీద పడ్డయి. మీరే పక్కన నిలవడి, దానిక్కూడ పెట్టు గంగారాం అన్నరు.”

“కండ్లు కనవడనిదానివి, నువ్వేం చూసినవని చెప్తున్నవు?” అన్నాడాయన.

ఆఫీసంతా వినేలా అన్నాడు. తూకం గుమాస్తా తల దించుకున్నాడు. సుధాకర్ రావు గంగారాంను పిలిచి, నువ్వు పెట్టినవా అని అడిగాడు. గంగారాం కూడా సీజన్ మనిషే, వచ్చే ఏడాది మళ్ళీ పిలుస్తారో లేదో ఆయన చేతిలోనే ఉంది. నేల చూస్తూ, “నాకు యాదికి లేదు సార్,” అన్నాడు. గంట కింద తానే పెట్టానని నాతో చెప్పిన మనిషి. నాకు మండిపోయి, నాకు కళ్ళు కనిపిస్తాయి, నేను చూశాను, నేను చెబుతున్నానని గట్టిగానే అన్నాను. మీరు ఆ రోజు ఇక్కడ ఉన్నారా అని సుధాకర్ రావు చాలా నెమ్మదిగా అడిగాడు. ఉన్న మనిషికి చూపు లేదు, చూపున్న నేను ఆ రోజు లేను. మీరు స్పీకర్ కోసం వచ్చారు, స్పీకర్ సంగతి చూడండి అన్నాడు. ఆపరేటర్ అజాగ్రత్త వల్ల అని కారణం రాసి, రిపేరుకు ఒప్పుకుంటూ సంతకం చేశాడు.

పార్ట్ వచ్చేదాకా బయట పెట్టే చిన్న స్పీకర్లు కొనమన్నాను. సీజన్‌లో ప్లాంటుకు తప్ప కొత్త వస్తువు దేనికీ మంజూరు దొరకదట. నా ఇయర్‌ఫోన్ తీసి కరుణకు ఇచ్చాను. ఒక చెవిలో మిషన్ మాట, ఇంకో చెవితో రైతు మాట. కాసేపట్లోనే కిటికీ ముందు లైన్ తగ్గిపోయింది. నేను బయల్దేరేటప్పుడు ఒక ముసలి రైతుకు తేదీ చెబుతూ, బండి ముందే మాట్లాడుకో బాపూ అని హెచ్చరిస్తోంది. ఆమె పని చక్కబడిందనే నమ్మకంతోనే బస్సెక్కాను.

జోనల్ మేనేజర్‌కు జరిగిందంతా ఫోన్లో చెప్పాను. మన కస్టమర్ మిల్లు, ఆ అమ్మాయి కాదు అని ఆయన ఒక్క మాటలో తేల్చాడు. దాని మీద నేను చాలానే మాట్లాడాను. అంతా విని, పార్ట్ పంపిస్తున్నాం కదా అన్నాడు.

పార్ట్ వచ్చింది. కరుణ మీద నింద రాసిన కాగితం వల్లనే వచ్చింది. తీసుకొని మిల్లుకు వెళ్ళేసరికి కిటికీ వెనక ఇంకో మనిషి ఉన్నాడు. చూపున్నవాడు, ఎవరి సిఫారసో నేను అడగలేదు. కరుణ ఏదని గంగారాంను అడిగితే, చెవుల తీగ పెట్టుకొని పాటలు ఇంటుందని కంప్లైంట్ వచ్చిందట, మిషన్ ఖరాబ్ చేసిన మాట ఎట్లాగూ ఉంది, పని బంద్ చేపిచ్చిన్రు సార్ అన్నాడు. ఆ తర్వాత నా ముందు నిలబడలేక లోపలికి వెళ్ళిపోయాడు.

స్పీకర్లు మార్చాను. టెస్ట్ టోన్ వేశాను, స్క్రీన్ రీడర్‌తో నంబర్లు చదివించాను. ఒక్కో అంకె విడివిడిగా, శుభ్రంగా వినిపించింది. కొత్తాయన కాసేపు విని, వాల్యూమ్ పూర్తిగా మూసేశాడు. “ఊకె ఒర్రుతది సార్, దీంతోటి నాకేం పని,” అన్నాడు. సుధాకర్ రావు నా రిపోర్టు మీద పని తృప్తికరం అని రాసి సంతకం పెట్టాడు.

తిరుగు దారిలో ఎడపల్లిలో దిగాను. ఇల్లు చర్చి వెనకాలే. కరుణ వాకిట్లో కూర్చొని వాళ్ళ అమ్మతో కలిసి కంది కాయలు ఒలుస్తోంది. నా గొంతు గుర్తుపట్టి లేచి నిలబడింది.

“పాటలు ఇంటున్నదని ఒక్క రైతు గూడ అనలే సార్. రైతులు ఆఫీసుకు నా పేరు పెట్టి ఫోన్ జేస్తుండ్రి. గా మాట సూపర్డెంట్ సారే పుట్టిచ్చిండు,” అంది. ఆ గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. ఆ కోపం న్యాయమైనదే. స్పీకర్లు మార్చానని చెప్పాను.

“మంచిగ మాట్లాడుతుందా?” అని అడిగింది.

“మంచిగనే మాట్లాడుతుంది.”

“ఎవలతోటి సార్?”

దాన్ని మూసేశారని చెప్పక తప్పలేదు. ఆమె మళ్ళీ కూర్చొని కాయలు ఒలవడం మొదలుపెట్టింది. వాళ్ళ అమ్మ మంచినీళ్ళు ఇచ్చింది, తాగి వచ్చేశాను.

ఆ ఫిర్యాదు మా రికార్డులో విజయవంతంగా ముగిసినట్టే ఉంటుంది. నేను నేర్చుకున్నది ఇంత: మిషన్‌లో లోపం ఎక్కడుందో మా పద్ధతి సరిగ్గానే పట్టిస్తుంది, ఆ లోపాన్ని ఎవరి నెత్తిన వేయాలో మాత్రం సంతకం చేసేవాడు తేలుస్తాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఫిర్యాదు తీసుకునేటప్పుడు మిషన్‌కు ఏమైందని కాకుండా దాని ముందు ఎవరు కూర్చుంటారని మొదట అడిగేవాణ్ణి. చాలామంది ఆఫీసర్లకు ఆ ప్రశ్న నచ్చలేదు. మా కంపెనీకి అసలే నచ్చలేదు.