ఆస్పత్రిలో చెప్పిన ముగింపు

పెద్దమ్మ పోయాక పత్రికవాళ్లు ఫోన్ చేసి, ఆవిడ మొత్తం ఎన్ని నవలలు రాసిందని అడిగారు. చిట్టి చూసి చెబుతానంది కానీ, ఆమె మనసు అప్పటికే ఒక్క నవల దగ్గరికి వెళ్లిపోయింది.

పెద్దమ్మకు రాయడమే జీవనాధారం. పెదనాన్న పోయాక వారపత్రికలో సీరియల్స్ రాసి ఇల్లు నడిపింది, చెల్లెలి కూతురైన చిట్టిని చదివించింది. పొద్దున్నే వంటింటి బల్ల తుడిచి, ఒకవైపు కూరగాయలు, ఒకవైపు కాగితాలు పెట్టుకుని కూర్చునేది. కుక్కర్ కూత వేస్తే లేచి మంట తగ్గించి, వదిలిన వాక్యం దగ్గరికే తిరిగొచ్చేది. "నా పాత్రలే నయమే, చెప్పిన మాట వింటాయి. ఈ స్టవ్వే వినదు" అనేది. చివరి ఏళ్లలో చెయ్యి వణుకుతుంటే, ఆవిడ చెప్పింది చిట్టి బ్యాంకుకు వెళ్లేముందు రాసిపెట్టేది.

అప్పుడు నడుస్తున్నది ఇల్లు విడిచి వెళ్లిన కూతురి కథ. ఒకరోజు ఒకావిడ ఫోన్ చేసింది. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఆమె భర్త ఆస్పత్రిలో ఉన్నాడు. సీరియల్ ఆమే చదివి వినిపిస్తోంది. అది పూర్తయ్యేదాకా ఆయన ఉండడని డాక్టర్లు చెప్పేశారు. కూతురు తిరిగొస్తుందో రాదో ఒక్క ముక్క చెప్పమని బతిమాలింది. పెద్దమ్మ ఏ ఆస్పత్రో కనుక్కుంది. చీర మార్చుకుని, చిట్టిని వెంటబెట్టుకుని బయల్దేరింది.

మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, రాబోయే వారాల కథంతా వరసగా చెప్పుకొచ్చింది. కూతురు ఇంటి ముందుకొచ్చి తలుపు కొట్టిందనేసరికి చిట్టి చటుక్కున పెద్దమ్మ వైపు చూసింది. కథలో తండ్రి అప్పటికే చనిపోయినట్టు ముందురోజే తన చేత్తో రాసింది మరి.

"తలుపెవరు తీస్తారండీ?" డ్రైవరు అడిగాడు.

"వాళ్ల నాన్నే" అంది పెద్దమ్మ, తడుముకోకుండా. "మీరైతే ఏమంటారు?" అని అడిగింది.

"ఏ బస్సుకొచ్చావమ్మా అంటానండి. ఇంకేం నోటికి రాదు."

ఇంటికి రాగానే పాత కాగితాలు చింపించి, ఆ మాటే రాయించింది. ఇన్నేళ్ల తర్వాత కనిపించిన కూతుర్ని బస్సు గురించి అడుగుతాడా, జనం నవ్వుతారని ఎడిటర్ గోలపెట్టాడు. ఎప్పుడూ ఏ మార్పుకైనా సరేననే పెద్దమ్మ ఈసారి కదల్లేదు. "అది నా మాట కాదండీ, మార్చడానికి" అనేసింది.

ఆ సంచిక వచ్చేలోపే డ్రైవరు పోయాడు. కొన్నాళ్లకు ఆయన భార్య పత్రిక చంకలో పెట్టుకుని వచ్చింది. "మా అబ్బాయి అలిగి వెళ్లిపోయి తిరిగొచ్చినప్పుడూ ఈయన ఇదే అడిగారండీ" అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది.

పెద్దమ్మ ఆమె పక్కకు కుర్చీ జరుపుకుంది. చీకటి పడేదాకా ఇద్దరూ ఏవేవో చెప్పుకుంటూనే ఉన్నారు. ఆరోజు రాయాల్సింది రాయనేలేదు. ఆలస్యమవుతుందని పత్రికాఫీసుకు చిట్టే ఫోన్ చేసి చెప్పింది.