తలుపు బియ్యం

మా చిన్నప్పుడు... అమ్మ ఎసరు పెట్టే ముందు, తవ్వతో కొలిచి చేటలో పోసిన బియ్యంలోంచి రెండు పిడికిళ్ళు వెనక్కి తీసేది.

మొదటి పిడికెడు చర్చికి. కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి, రేకు డబ్బాలో వేసేది. పెంటపాడు దగ్గర మా పేటలో ప్రతి ఇంట్లోనూ ఆ డబ్బా ఉండేది, ఆదివారం అందరి చేతుల్లోనూ కనబడేది.

రెండో పిడికెడు మాత్రం మా ఇంట్లోనే. అది గూట్లో ఉన్న మట్టికుండలో పడేది. దాని పేరు తలుపు బియ్యం...

మాది మట్టిగోడల తాటాకిల్లు. తలుపు లేదు, తడికే. అమ్మా నాన్నా ఊడుపులకి వెళ్ళిన ఓ రోజు పొరుగింటి మేక ఆ తడిక తోసుకుని లోపలికొచ్చి, నా ఆరో తరగతి సోషల్ పుస్తకం సగం నమిలేసింది. భారతదేశం పటం మొత్తం పోయి, ఒక్క అండమాన్ దీవులు మిగిలాయి. నేను ఏడ్చి గోల చేశాను. అమ్మ మేకని కూడా తిట్టలేదు. తడిక వైపు కాసేపు చూసి, "మనకో తలుపు కావాలండీ" అంది నాన్నతో.

నాన్నకి నవ్వొచ్చింది. "తలుపొక్కటీ ఏం జేసుకుంటావే? దానికి గుమ్మం కావాలి, గుమ్మానికి ఇటుక గోడ కావాలి, గోడకి పునాది కావాలి..."

"అయ్యన్నీ ఒక్కసారే తలుచుకుంటే గుండె జారిపోద్దండీ. ముందు తలుపనుకుందాం."

అనుకుంది. అంతే... మర్నాటి నుంచి గూట్లో కుండ వెలిసింది. అది నిండినప్పుడల్లా మా వీధిలో ఇడ్లీలు వేసే ఆవిడకి అమ్మి, ఆ డబ్బు బైబిలు జిప్పు కవర్లో దాచేది.

ఇంకో అలవాటు కూడా ఉండేది అమ్మకి. రోజూ సాయంత్రం కుండలో బియ్యం చదును చేసి, పైన అరచెయ్యి అదిమి ముద్ర వేసేది. కళ్ళంలో ధాన్యం రాశి మీద రైతులు ముద్ర వేస్తారు కదా, కోతలకి వెళ్ళినప్పుడు అది చూసి నేర్చుకుంది. ఎలుక దూరినా, మనిషి చెయ్యి పెట్టినా తెలిసిపోతుంది.

ఎండాకాలం వచ్చింది. కాలవల్లో నీళ్ళు కట్టేశారు, పొలం పనులు లేవు. ఇంట్లో బియ్యం కొలత తగ్గింది గానీ అమ్మ పిడికిలి తగ్గలేదు. నా కంచంలో మెతుకుల కంటే గంజే ఎక్కువ. ఆ కుండని చూస్తే నాకు ఒళ్ళు మండేది... అమ్మకి నాకంటే తలుపే ఎక్కువని నిజంగా నమ్మాను.

ఓ మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కుండలో చెయ్యి పెట్టి రెండు గుప్పిళ్ళు తీసుకుని, పచ్చి బియ్యమే నమిలేశాను. తర్వాత చక్కగా చదును చేసి, అమ్మ ముద్ర ఉన్నచోట నా చెయ్యి అదిమాను. ఎంత తెలివో చూడండి నాది!

సాయంత్రం అమ్మ మూత తీసింది. కుండలో పదకొండేళ్ళ చెయ్యి... 

దెబ్బలు ఖాయమనుకుని గోడకి అంటుకుపోయాను. అమ్మ ఆ ముద్ర వైపు చాలాసేపు చూసింది.

"ఆకలేసిందేంటమ్మా, బుజ్జీ?"

అంతే అడిగింది. ఆ పూట ఆ కుండలో బియ్యమే వండి, నేను చాలనేదాకా పెట్టింది.

మర్నాడు చేట నా ముందు పెట్టింది. "ఇయ్యాల్టి నుంచి తలుపు బియ్యం నువ్వు తియ్యి. నీ పిడికిలెంతుంటే అంతే."

"అలాగైతే ఎప్పటికొత్తాదే నీ తలుపు?" అన్నాడు నాన్న.

"లేటవుద్ది. అవనీండి. నా పిడికిలితో అయితే తొందరగానే వత్తాది గానీ, అదొచ్చేలోపు పిల్లకి తలుపంటేనే అసయ్యం పుడతాది."

సంతకం తప్ప చదువు రాని మనిషికి ఆ మాట ఎలా తట్టిందా అని ఇప్పటికీ విడ్డూరమే నాకు. ఆ రోజు నుంచి కుండ మీద ముద్ర కూడా నాదే. ఇక చూస్కోండి... ఎలుక అటు వస్తే నేను ఊరుకునేదాన్ని కాదు!

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా తలుపొచ్చింది. గూడెం టౌన్లో పాత ఇల్లు విప్పిన చోట కొన్న టేకు తలుపు. రిక్షా మీద వేసి తెస్తుంటే, దారి పొడుగునా అమ్మ దాని మీద చెయ్యి వేసి నడిచింది. పేటంతా గుమిగూడారు. "అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడని... తాటాకింటికి టేకు తలుపంట!" అన్నాడో పెద్దాయన. అందరితో పాటు అమ్మ కూడా నవ్వింది.

నాన్న రెండు గుంజలు పాతి దాన్ని బిగించాడు. నేను పుస్తకాలతో లోపలికెళ్ళి గడియ వేసుకున్నాను. ఆ గడియ పడిన చప్పుడికి ఒళ్ళంతా గగుర్పొడిచింది... నా పిడికిలి ఇంత తలుపయ్యిందా అని! ఇటుక గోడలు ఆ తర్వాత కొన్నేళ్ళకి వచ్చాయి, ఆ తలుపుకి సరిపడా.

ఇప్పుడు ఏలూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఈమధ్య సొంత ఫ్లాట్ కోసమని, జీతం పడగానే సగం పక్కకి వెళ్ళిపోయేలా ఫోన్లో పెట్టేశాను. పొదుపు అంటే ఇలా ఉండాలని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా.

మొన్న మా అబ్బాయి స్కూల్ వాళ్ళు కొల్లేరులో గూడబాతులు చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్తుంటే, వీడు పేరే ఇవ్వలేదట. ఎందుకురా అంటే, "ఫ్లాట్ కొనాలి కదమ్మా" అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు.

వాడికీ పదకొండేళ్ళే...

ఫోన్ వాడి చేతికిచ్చి, "నెలకి ఎంత పెడదాం? నువ్వు చెప్పు నాన్నా" అన్నాను. వేళ్ళ మీద లెక్కేసుకుని, నేను పెట్టినదాంట్లో మూడో వంతు చెప్పాడు. అదే పెట్టాను. ఫ్లాట్ లేటవుద్ది. అవనీండి.

అప్పట్లో దాచుకునేది కళ్ళ ముందు కుండలో ఉండేది. ఇప్పుడు కంటికి కనబడకుండానే వెళ్ళిపోతోంది... ఇంట్లో ఎవరికి ఆకలేసిందో చెప్పే చిన్న చెయ్యి ముద్ర దాని మీద పడే వీలే లేదు.

మీ ఇంట్లో దేనికోసం దాచేవారండీ...? అందులో పడింది ఎవరి పిడికిలి?