రాని ఇద్దరిలో ఒకణ్ణి

ఎవరైనా నన్ను నమ్మకస్తుడని అంటే అక్కణ్ణించి లేచి వెళ్ళిపోతాను. యాభై ఏళ్ళు దాటాయి. ఇప్పటికీ అంతే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు నోరు విప్పగలుగుతున్నాను. నా భార్యకు చెప్పలేదు. ఆమె పోయాక పిల్లలకైనా చెబుదామనుకున్నాను, చెప్పలేదు. భయమా? సిగ్గా? ఇంత వయసొచ్చాక కూడా ఆ రెండింటిలో ఏదో తేల్చుకోలేకపోయాను.

మొయినాబాద్‌లో రోడ్డు పక్కన అప్పట్లో ఒక హోటల్ ఉండేది. సాలేహ్ చావుష్ నడిపేవాడు. వాళ్ళ తాతలు అరబ్బు దేశం నుంచి నిజాము ఫౌజులో చేరడానికి వచ్చినవాళ్ళు. ఆయన మాట్లాడేది మన భాషే గానీ వండేది తాతల నాటి వంట. ఆ హోటల్లో విడి పళ్ళాలు లేవు. తబక్ అని, కళాయి పూసిన పెద్ద రాగి పళ్ళెం. అందులో మేకమాంసంతో కలిపి వండిన అన్నం కుప్పగా పోసి చాప మధ్యలో దించేవాడు. పక్కన ఒక గిన్నెలో గోధుమలూ మాంసమూ కలిపి మెత్తగా మెదిపిన హరీస్. చుట్టూ కూర్చున్నవాళ్ళంతా ఆ తబక్‌లోనే చేయి పెట్టాలి. తన ముందున్నది తినాలి, మంచి ముక్క తగిలితే పక్కవాడి వైపు జరపాలి. చేవెళ్ళ నుంచి, షాబాద్ నుంచి కూడా జనం వచ్చేవారు. చాప ఖాళీ అయ్యేదాకా బయట నిలబడేవారు.

మాది ఒక గుంపు. అందులో అంజిరెడ్డి భూములున్న ఇంటివాడు, మా చుట్టుపక్కల ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి ముందు నిలబడినవాడు. దానియేలు బడిపంతులు, తాతల కాలం నుంచీ క్రైస్తవుల ఇల్లు. నేను పక్కనే ఉన్న హిమాయత్‌నగర్ ఊళ్ళో రైతు కొడుకుని. ఊళ్ళో అంజిరెడ్డి ఇంట్లోకి దానియేలు పోలేడు. వాకిట్లో నిలబెట్టి నీళ్ళు దోసిట్లోకి పైనుంచి పోసేవారు. సాలేహ్ తబక్ దగ్గర మాత్రం అంజిరెడ్డి వేళ్ళూ దానియేలు వేళ్ళూ ఒకే అన్నంలో తగులుకునేవి. అది చూసి నాకు గర్వంగా ఉండేది. మేమే ఏదో సాధించినట్టు. అంజిరెడ్డి ఆ సంగతి ఇంట్లో చెప్పేవాడు కాదనుకోండి.

అరవై తొమ్మిది వచ్చింది. బళ్ళు మూతపడ్డాయి. పట్నంలో, అదే హైదరాబాదులో, కాల్పులు జరిగాయని కబుర్లు వచ్చాయి. అంతకు ముందు తబక్ చుట్టూ నవ్వులుండేవి, ఇప్పుడు గుసగుసలు. కొత్తవాడెవడైనా పక్క చాప మీద కూర్చుంటే మేం మాట ఆపేసేవాళ్ళం. నెమ్మదిగా మాట ఆపడానికి కొత్తవాళ్ళు కూడా అక్కర్లేకపోయారు. మాలో ఒకడు లేచి చేయి కడుక్కోవడానికి వెళ్తే, తిరిగొచ్చేదాకా మిగతావాళ్ళం అతని వెనకే చూసేవాళ్ళం. అనుమానం ఎంత తొందరగా అలవాటవుతుందో!

ఒకరోజు మధ్యాహ్నం, మర్నాడు తెల్లవారుజామున హిమాయత్‌నగర్ దారి కలిసేచోట చెట్టు నరికి రోడ్డుకు అడ్డంగా పడేయాలని, బస్సులు కదలనీయకూడదని అనుకున్నాం. ఆ మాట తబక్ దగ్గరే అనుకున్నాం. నేను కూడా ఊఁ అన్నాను.

మా మేనమామ పోలీసు పటేలు. ఊళ్ళో ఏం జరిగినా ఠాణాకు కబురు చేయడం ఆయన పని. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, అమ్మ వినకుండా నన్ను గొడ్లచావడి దగ్గరికి పిలిచి, మెల్లగా అడిగాడు. పట్నంలో పిల్లలు చచ్చిపోతున్నారన్నాడు. మీ అమ్మకు నువ్వొక్కడివే అన్నాడు. చెప్తే నీ పేరు రాకుండా చూసుకుంటానన్నాడు. ఆయన నన్ను కొట్టలేదు, గద్దించలేదు. కొట్టి ఉంటే ఇవాళ నాకు చెప్పుకోవడానికి ఒక సాకైనా ఉండేది. నేను చెప్పేశాను. ఎక్కడో చెప్పాను, ఎప్పుడో చెప్పాను, ఎవరెవరో చెప్పాను. చెబుతున్నంతసేపూ అమ్మ కోసమే అనుకున్నాను. కానీ చెప్పడం అయిపోగానే నాకు కలిగిన తేలికదనం అమ్మ గురించి కాదు, నా ఒంటి గురించి.

మర్నాడు జ్వరమని దుప్పటి కప్పుకుని పడుకున్నాను. పోలీసులు ముందే వచ్చి చెట్ల చాటున కాచుకుని ఉన్నారట. దొరికినవాళ్ళను దొరికినట్టు కొట్టారు. లాఠీ దెబ్బకు అంజిరెడ్డి కుడిచేయి మోచేతి దగ్గర విరిగింది. ఆ తెల్లవారుజామున రానివాళ్ళం ఇద్దరం. ఒకణ్ణి నేను. ఇంకొకడు దానియేలు. అతని భార్యకు అప్పుడు నెలలు నిండాయి. ముందురోజు సాయంత్రం నుంచే నొప్పులు.

అంజిరెడ్డి జైలు నుంచి బయటికొచ్చాక మళ్ళీ సాలేహ్ దగ్గర కలిశాం. చేతికి కట్టు, మెడకు వేలాడదీసిన గుడ్డ. సాలేహ్ ఆప్యాయంగా తబక్ దించాడు. నేను చేయి పెట్టాను. దానియేలూ పెట్టాడు. అంజిరెడ్డి పెట్టలేదు. ఎడమచేయి అందులో పెట్టకూడదు, కుడిచేయి లేవదు.

"తినుండ్రి," అన్నాడు. "నా చెయ్యి ఎట్లాగూ ఇందుల పెట్టలేను. కానీ గిది చేయించినోడి చెయ్యి గూడ ఇందుల ఉండద్దు. గంతే."

అంజిరెడ్డి నా వైపు చూశాడు, దానియేలు వైపు చూశాడు. మళ్ళీ నా వైపు చూశాడు. ఆ చూపు నా మీద ఇంకొంచెం సేపు ఆగి ఉంటే ఏమయ్యేదో! నేను ఆగనివ్వలేదు.

"నాకేం తెల్వదన్నా," అన్నాను. "జరమొచ్చి పడుకున్న. కానీ ముందురోజు పొద్దుగూకంగ దానియేలు హెడ్‌మాస్టర్ ఇంటికాడ మాట్లాడుతుంటే చూసిన."

హెడ్‌మాస్టర్ కోస్తా నుంచి వచ్చినవాడు. అంతకంటే ఇంకేమీ చెప్పనవసరం లేకపోయింది.

"సెలవు అడుగనీకె పోయిన," అన్నాడు దానియేలు. "ఇంట్ల ఆమెకు నొప్పులు మొదలైనయి. గీ సంగతి నీకు ఎరికే గద?"

అతను అడిగింది నన్ను. అంజిరెడ్డిని కాదు. నాకు తెలుసు. ఆ సాయంత్రం హెడ్‌మాస్టర్ ఇంటి బయట నాకు ఎదురుపడి, ఆమె కోసమే సెలవు అడిగానని తనే చెప్పాడు. దవాఖానకు తీసుకుపోవాల్సి వస్తే మా బండి ఇస్తావా అని కూడా అడిగాడు. ఇస్తానన్నాను.

"నాకేమెరిక?" అన్నాను.

సాలేహ్ మధ్యలోకి వచ్చాడు. "అరే, జర ఆగుండ్రి. తబక్ ముంగట కూసోని గిట్లాంటి మాటలేంది?" అన్నాడు. అంజిరెడ్డి ఆయన మాట పట్టించుకోలేదు. ఎడమచేత్తో తబక్ అంచు పట్టుకుని దానియేలు ముందు నుంచి పక్కకు లాగాడు. దానియేలు చేయి గాల్లో ఉండిపోయింది, వేళ్ళకు అన్నం మెతుకులతో. అతను అరవలేదు, ఒట్టు పెట్టుకోలేదు. లేచి బయట తొట్టి దగ్గర చేయి కడుక్కుని వెళ్ళిపోయాడు. పుట్టినప్పటి నుంచీ ఊరు అతన్ని ఎక్కడ నిలబెట్టిందో, ఒక్క నిమిషంలో మళ్ళీ అక్కడే నిలబెట్టాం. దానియేలు మీద నేను ఆడిన మాటల్లో మొదటిది అబద్ధం కూడా కాదు. చూశాను, చూశానని చెప్పాను. ఆ వంకతో ఎన్నేళ్ళు గడిపాను! నిజాన్ని అంత నీచంగా వాడుకోవచ్చని నాకు ఎవరు నేర్పారు?

దానియేలు బిడ్డ బతికింది. అదొక్కటే దేవుడు నా మీద పెట్టని భారం. ఆ తర్వాత వాళ్ళ ఇంటికి పాలు పోసేవాళ్ళు మానేశారు. పోలీసుల మనిషి అని పిల్లలు గోడ మీద బొగ్గుతో రాశారు. కొన్నాళ్ళకు అతను షాబాద్ వైపు బడికి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. సామాను బండికెత్తుతున్న రోజు నేను ఆ వీధిలోకి పోలేదు.

సాలేహ్ హోటల్ కూడా మునుపటిలా లేదు. జనం విడిగా పెట్టమని అడగడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళు ఒప్పుకోలేదు, తర్వాత సత్తు పళ్ళాలు తెచ్చాడు. ఆ తర్వాత హోటల్ మూసేసి పట్నంలో చుట్టాల దగ్గరికి పోయాడు. అక్కడే చనిపోయాడని విన్నాను.

చాలా ఏళ్ళకు చేవెళ్ళ సంతలో దానియేలు కనబడ్డాడు. తప్పించుకుందామనుకునేలోపు అతనే వచ్చి చేయి పట్టుకున్నాడు. జుట్టు నెరిసింది. టీ తాగుదామన్నాడు. ఆ రోజు సంగతి తనే ఎత్తాడు. నన్ను నిలదీస్తాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, నిలదీస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"నువ్వు చూసింది చెప్పినవ్, మిగిలింది భయానికి మింగినవ్. నిన్ను నేనేమనను," అన్నాడు. "ఇన్నేండ్లు సోంచాయించిన. గా చావుషే పోలీసోళ్లకు చెప్పిండు. మన ముచ్చట ఇన్న బయటోడు ఆయనొక్కడే. నువ్వేమంటవ్?"

ఏమనాలి? సాలేహ్ అతని పక్షాన ఒక్క మాట అడ్డేసిన మనిషి. ఆ రోజు ఆ హోటల్లో అతనికి మిగిలిన ఒకే ఒక్క దిక్కు. ఆ దిక్కును కూడా అనుమానించుకుంటూ ఇన్నేళ్ళు బతికాడన్నమాట. నేను ఒక్క మాటతో దాన్ని తిరిగి ఇవ్వగలను. గ్లాసు చేతిలో కాలుతోంది.

"అయ్యుండొచ్చు," అన్నాను.

మొదటిసారి భయపడ్డాను, వయసు చిన్నదని చెప్పుకోవచ్చు. రెండోసారి ఏమని చెప్పుకోను? అప్పుడు నన్ను కొట్టే పోలీసులు లేరు, తరిమే ఊరు లేదు. ఎదురుగా నన్ను నమ్మిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతనికి టీ కూడా నేను ఇప్పించలేదు, అతనే ఇప్పించాడు.

దానియేలు పోయి చాలా ఏళ్ళయింది. అంజిరెడ్డి ఉన్నాడు. ఆ చేయి ఇప్పటికీ పూర్తిగా చాపలేడు. మేం కలుసుకుంటాం. ఎవరైనా కుర్రవాళ్ళు అడిగితే ఆ కథ చెబుతాడు, దానియేలు పేరుతో సహా. చెబుతూ మధ్యలో నా వైపు తిరిగి, అవునా కాదా అన్నట్టు తలెగరేస్తాడు. నేను తలాడిస్తాను. ఇంటికొచ్చాక, నేను తలాడించడం చూసి ఇతనికి ఎప్పుడైనా అనుమానం వచ్చిందా అని లెక్కలు వేస్తూ పడుకుంటాను.

రేపు అతనికి చెబుతానా? తెలియదు. చెప్పినా, నన్ను క్షమించడానికి అతనొక్కడి మాట చాలదు. క్షమించాల్సిన మిగతా ఇద్దరూ, దానియేలూ సాలేహూ, లేరు. క్షమాపణ అడగడానికి కూడా ఆలస్యం చేశానని నాకు తెలుసు. ఆ ఆలస్యం కూడా నేను చేసిందే.

పోలీసులకు కబురు చేరింది దానియేలు వల్ల కాదు. సాలేహ్ వల్ల కాదు. నా వల్ల.

ఈ మాట రాసి చాలాసేపు దాని వైపే చూస్తూ కూర్చున్నాను. ఏమీ జరగలేదు. ఊపిరి మాత్రం కాస్త లోపలి దాకా వెళ్ళింది.