నరసింహులు పేజీలో ఫుట్‌నోట్లు

గండికోట మీద నా వ్యాసాన్ని ఫుట్‌నోట్లతో సహా అచ్చువేస్తానని మైదుకూరు ప్రెస్సు ఓబులేసు ఒకప్పుడు మాటిచ్చాడు. చిన్న టైపు కూర్చడం కష్టమని వాటిని పీకేసి వేశాడు. ఆధారాలు కనిపించక చదివినవాళ్లు కట్టుకథ అన్నారు.

ఈ రోజు కడప నెట్ సెంటర్‌లో పాత మిత్రుడు నరసింహులు తన గండికోట వెబ్ పేజీ చూపించాడు. మార్క్‌డౌన్ అని, మామూలు అక్షరాల మధ్య చిన్న గుర్తులు పెట్టి రాసే పద్ధతిలో రాశాడట. అంకె నొక్కితే ఫుట్‌నోట్ కనిపిస్తోంది. నా కడుపు మండింది.

"ఇదెట్ల చేసినావప్పా?"

"ప్లగిన్ అని ఒక చిన్న అదనపు ప్రోగ్రాము తగిలించినా. నంబరేసి రాస్తే అదే అడుగున కూర్చోబెడతాది. నీకూ పెట్టిస్తా రాప్పా."

ఒక అంకె నొక్కాను. 'ఆధారం: మా మామ చెప్పినాడు.' దాని కింద పాఠకుల పొగడ్తలు, ఎంత పరిశోధన అని.

నా ఫుట్‌నోట్లు నేను శాసనాలు చదివి రాసుకున్నాను. ప్లగిన్ నాకూ దొరుకుతుంది గానీ, ఆ ఫుట్‌నోట్ల కాగితాలు ప్రెస్సు చెత్తలోనే పోయాయి. మీరైతే ఎవరిని తిడతారో చెప్పండి. నేను ఇప్పటికీ తిట్టేది ప్రెస్సు ఓబులేసునే.