చెంబెడు నీళ్లు

సున్నానికి వాసన లేదనేవాళ్లు బట్టీ పక్కన పెరిగినవాళ్లు కాదు. నేను పనిచేసే దుబాయ్ ఇంట్లో హాలు గోడ పొడవునా ఒక గాజు తొట్టె ఉంది; అందులో ఉప్పునీళ్లు, పైన నీలం దీపాలు, లోపల ఊదా కొమ్మలతో, ఆకుపచ్చ గుండ్లతో ప్రాణమున్న పగడాలు. వాటికి ఎముక కట్టాలంటే సున్నం కావాలి. అందుకని కింది అరలో ఒక డబ్బా నిండా సున్నపుపొడి పెట్టి, దాన్ని మంచినీళ్లలో కలిపి, మడ్డి అడుగుకి దిగాక పైన నిలిచిన తేటను సన్నటి గొట్టంలోంచి చుక్కచుక్కగా తొట్టెలోకి వదులుతారు. ఆ డబ్బా మూత తీసినప్పుడల్లా కొత్తగా వెల్ల వేసిన గోడ వాసన వచ్చి, ఏసీ చల్లదనంలో నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే కాకినాడ దిగువన మా ఉప్పుటేరు గట్టు మీదికి పోతాను. ఇదివరకు సంతోషంగానే పోయేదాన్ని.

మా ఇంటిల్లిపాదీ గుల్ల ఏరి, కాల్చి బతికేవాళ్లం. పోటు తీసి ఏరు వెనక్కి తగ్గగానే ఆడవాళ్లు మోకాలి లోతు బురదలో దిగి, కాళ్లతో తడిమి గుల్లలు పైకి తీస్తే, పిల్లలం వాటిని కడిగి తట్టల్లో గట్టుకి చేర్చేవాళ్లం. ఎండాకాలమంతా అవి గుట్టలుగా ఎండి, నీచువాసన పోయి, కాలు తగిలితే గలగలమనేవి. బట్టీలో ఒక వరస బొగ్గు, ఒక వరస గుల్ల పేర్చి నిప్పు పెడితే, ఆకారం చెడకుండానే వెన్నలా తెల్లబడేవి. చల్లారిన గుల్ల మీద మా మామ్మ, అంటే నాన్న తల్లి, దోసెడు నీళ్లు చల్లేది. అంతే, చల్లటి రాయి లాంటిది కాస్తా బుసకొట్టి, పొగలుగక్కి, పగిలి, ఉడికి పొడి అయ్యేది. దానికన్నా గొప్ప బాణసంచా మేమెరగం. బట్టీ అంచు బూడిదలో చిలగడదుంపలు కాల్చుకుని, నోళ్లు నల్లగా చేసుకుని, మళ్లీ చల్లమని మామ్మ చుట్టూ తిరిగేవాళ్లం. క్రిస్మస్ ముందు మా ఊరి చర్చికి మా సున్నమే వేసేవారు, కాస్త నీలిమందు కలిపి. గోడ ఆరకముందే అరచేతి అచ్చులు వేసి తిట్లు తిని, ఇంటికొచ్చి నూనె కారే గులాబీ పువ్వులు విరుచుకు తినేవాళ్లం. మామ్మ తమలపాకుకి సున్నం రాస్తూ, రాస్తూ గోటి చివర మిగిలింది మా నాలుకకి అంటించి, మేము గెంతుతుంటే పళ్లు లేని నోటితో నవ్వేది.

మా పని చోట ఒకటే కట్టుబాటు. తడపని గుల్లను మూటలు కట్టి షావుకారు లారీలో పట్టుకుపోయేవాడు. మూటకి తడి తగిలితే లోపలే ఉడికి సరుకు పాడవుతుందని, నీళ్లకుండ మూటలుంచే పాక దరిదాపుల్లో ఉంచనిచ్చేవాడు కాదు. దాహమేస్తే గట్టు దాటి రోడ్డు దాకా నడవాలి. ఎండలో బిడ్డల తల్లులు నడిచేవాళ్లు, ఆయన గొడుగు కింద కూర్చునేవాడు.

ఒకసారి లారీకి ఎత్తుతుండగా మూట పిగిలి మా అమ్మ మొహాన పడింది. ఒక కన్ను మూసుకునేలోపే నిండిపోయింది. అమ్మ కేక విని నేను రోడ్డు దాకా పరిగెత్తి, కుండలో చెంబు ముంచి, ఒలక్కుండా మళ్లీ పరిగెత్తుకొచ్చాను. దగ్గరికి రాగానే మామ్మ నా చెయ్యి మీద కొట్టింది. చెంబు ఎగిరి దూరంగా పడింది.

"నీళ్లు పొయ్యకే ముండా, కన్ను ఉడికిపోద్ది!"

అక్కడున్నవాళ్లంతా అదే మాట. గుల్ల మీద నీళ్లు పడితే ఏమవుతుందో చూడనివాళ్లు మాలో ఎవరున్నారు? అమ్మని పట్టుకుని కూర్చోబెట్టి కంట్లో ఆముదం పోశారు, గుడ్డ కట్టారు. షావుకారు లారీ సరుకుతో వెళ్లిపోయింది. వాపు ఎక్కువయ్యాక పెద్దాసుపత్రికి తీసుకెళితే, డాక్టరు రెప్ప ఎత్తి చూసి ఏదో రాసి మమ్మల్ని అవతలికి పొమ్మన్నాడు. ఏం చేసి ఉండాల్సిందో చెప్పదగిన మనుషుల్లా ఆయన కంటికి మేము ఆనలేదు. ఆ కన్ను మళ్లీ చూడలేదు. మామ్మ పోయేవరకూ వచ్చినవాళ్లందరికీ, తానే అడ్డం పడకపోతే కోడలికి రెండో కన్ను కూడా పోయేదని చెప్పేది. అమ్మ తలొంచుకుని వినేది. నేనూ నమ్మాను.

ఈమధ్య ఊదా పగడం అడుగునుంచి తెల్లబడసాగింది. పైనున్న పల్చటి చర్మం ఊడి, కింద ఎముక బయటపడుతోంది, అచ్చం కాల్చిన గుల్లలా. మేడమ్ మొదట నన్నే అడిగింది, నేల తుడవడానికి ఏం వాడావని, ధూపం ఇక్కడ వేశావా అని. తరవాత అల్ ఖూజ్‌లో అక్వేరియాల పని చేసే సలీమ్‌ని పిలిపించింది. మలయాళీ. అతను వచ్చి టార్చి వేసి, భూతద్దం పెట్టి కొమ్మ కొమ్మా చూశాడు. పురుగు లేదు, గుడ్లు లేవు. సీసాలో తొట్టె నీళ్లు తీసి మందు చుక్కలు వేస్తూ రంగు మారేదాకా చూసి తల ఊపాడు. నీళ్లలో సున్నం బలం పడిపోయింది. గొట్టం చివర సున్నమే గట్టిపడి దారి మూసేసింది. నా తుడుపుగుడ్డ తప్పు కాదు. ఆ మాట మేడమ్ విన్నట్టు కనపడలేదు.

బతికున్న కొమ్మల్ని చచ్చిన మేరకి కాస్త పైనే కత్తిరించి, గోధుమరంగు అయోడిన్ నీళ్లలో ముంచి, కడిగి, చిన్న రాళ్లకి అంటించి వేరే తొట్టెలో పెట్టాడు. గొట్టం కడిగి, బలం ఒక్కసారిగా పెంచితే మిగిలిందీ చస్తుందని, తేటను కొద్దికొద్దిగా వదలమన్నాడు. కొత్త పొడి కలిపే ముందు కళ్లద్దాలు, చేతి తొడుగులు నా చేతికిచ్చాడు.

"దీదీ, ఆంఖ్ మే గయా తో ఫౌరన్ పానీ డాలో. బహుత్ పానీ."

కంట్లో పడితే వెంటనే నీళ్లా అన్నాను. నీళ్లు పోస్తే ఉడుకుతుంది కదా అన్నాను. ఎంత పడినా కుండలకొద్దీ నీళ్లు పోస్తూ ఉంటే కొట్టుకుపోతుందని, ఆలస్యమైతేనే కన్ను కాలుతుందని చెప్పి డబ్బా తిప్పి చూపించాడు. నాకు తెలుగు అక్షరాలు నలభై దాటాక, ఈ ఇంటికి రాకముందు అజ్మాన్‌లో గదిలో ఉన్నప్పుడు వచ్చాయి. ఇంగ్లీషువి ఇంకా కూడబలుక్కోవాలి. కన్ను బొమ్మ పక్కన, వాటర్ అన్న ఒక్క మాట చదవగలిగాను.

ఒక డబ్బా మీద అచ్చువేసే మాట. సముద్రపు పువ్వులకి సున్నం కలిపేవాళ్ల కోసం రాసిన మాట. లారీలకొద్దీ సరుకు ఎత్తించుకున్న షావుకారు మూటమీద ఏనాడూ అది లేదు. ఉన్నా చదివేవాళ్లం కాదని అంటారేమో. చదివి చెప్పడానికి ఆయనకి నోరు లేదా?

అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"మంట పుడితే ఎవరైనా నీళ్లే అడుగుతారు గదే. నేనూ అడిగాను. నీ చేతిలో చెంబు చూసే అడిగాను."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేంటమ్మా?"

"ఎవరితో చెప్పేది? మీ మామ్మతోనా?" అని, చిన్నగా నవ్వి, "అది సర్లే గానీ, మీ మేడంగారి రాళ్లపూలు బతికినయ్యా?" అంది.

బతికాయి. కత్తిరించిన చోట ఊదా చర్మం మళ్లీ పాకుతోంది. మా బట్టీ లేదు. గుట్టలున్న చోట రొయ్యల చెరువులు తవ్వారు. చర్చికి డబ్బా రంగులు వేస్తున్నారు, మా అరచేతులు వాటి కింద ఎక్కడున్నాయో తెలియదు. మామ్మ మీద కోప్పడదామంటే మామ్మ లేదు, షావుకారు లేడు.

బర్ దుబాయ్‌లో ఒక స్టీలు చెంబు కొని, నిండా నీళ్లు పోసి సున్నం డబ్బా పక్కన పెట్టాను. ఇన్ని కుళాయిలుండగా ఇదెందుకని మేడమ్ అడిగింది. ఇది ఉండాలి మేడమ్ అన్నాను, దీన్ని ఎవరూ కొట్టి పడెయ్యడానికి వీల్లేదు.